పిల్లల కీళ్లవాపు

కీళ్లనొప్పులు ముసలితనపు జబ్బని మనలో పలువురి నమ్మకము. కాని రెండేండ్ల పసిబిడ్డకును మోకాలో మణికట్టో వాచి, నెలల తరబడి నిలిచియుండవచ్చును. 1897లో లండను వైద్యుడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్ ఇట్టి బిడ్డలను పరీక్షించి, వీరి వ్యాధి పెద్దల కీళ్లవాతము వంటిదే కాదని వ్రాసెను. 16 ఏండ్లు నిండకముందు మొదలై, 6 వారములైనను తగ్గక, వేరు కారణము కనబడనిచో వైద్యులు దీనిని అనుమానింతురు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి కీలులోపలి పొరమీద పడును. కాపలావాడే కొట్టు దోచినట్లన్నమాట.

ముఖ్యమైన గుర్తు ఉదయపు బిగువు. బిడ్డ లేవగానే కుంటును, కొంతసేపటికి సర్దుకొనును, సాయంకాలము వీధిలో ఆడుకొనును. ఇది చూచి, బడి ఎగవేయుటకు నటన యని మందలించు తల్లిదండ్రులు కలరు. పాపము, పసివారు నొప్పి యని చెప్పనైన చెప్పరు. చంక దిగరు, మెట్లెక్కరు, అంతే.

అంతకన్న మోసకరమైనది కంటి సంగతి. ఈ పిల్లలలో కొందరికి కంటిలోపల వాపు వచ్చును. కన్ను ఎఱ్ఱబడదు, నొప్పి యుండదు. చూపు తగ్గినపిమ్మటనే తెలియును. కనుక కన్ను బాగున్నట్లే తోచినను, వైద్యులు చెప్పిన గడువు ప్రకారము స్లిట్ లాంపు పరీక్ష చేయించవలెను. చింతాద్రిపేటవారికి ఇది దూరము కాదు. కూవము దాటిన ఎగ్మూరులో పిల్లల ప్రభుత్వాసుపత్రియు, 1819లో ఆరంభమైన ప్రభుత్వ కంటి ఆసుపత్రియు ఉన్నవి.

మందులలో మెథోట్రెక్సేటు ముఖ్యము. ఇది వారమునకు ఒక్కమారే, నియమించిన దినముననే ఈయవలెను. పొరబాటున రోజూ ఇచ్చిన ప్రాణాపాయము. గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. పది దినములు చూచి, పనిచేయలేదని మానివేయుట మనవారి అలవాటు! స్టెరాయిడు మందునైతే హఠాత్తుగా ఆపుట మరింత హాని.

పర్యూషణములో ఇంటిల్లిపాది ఉపవసించునపుడు, తానును ఉందునని బిడ్డ పట్టుపట్టును. పెద్దలు మురిసి సరే యందురు, ఆనాటి మందు తప్పును. అయితే పచ్చక్ఖాణములోనే సర్వసమాధి యను మినహాయింపును పూర్వులు ఉంచిరి. తీవ్రమైన రోగబాధలో ఔషధము పుచ్చుకొనిన వ్రతభంగము కాదు. ఇక చౌవిహారమందురా, మందు వేళలను సూర్యాస్తమయమునకు ముందుగా మార్చవచ్చునేమో వైద్యునే అడిగి చీటీమీద వ్రాయించుకొనవచ్చును.