పాత యాంప్లిఫయర్ మేలా, కొత్తదా? హెడ్‌ఫోన్‌తో తేల్చుకోండిలా

1970ల నాటి మరాంట్జ్, పయొనీర్, సాన్సూయ్ రిసీవర్లలో పాట నిండుగా వినిపిస్తుందంటారు కొందరు. ఇప్పటి చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లలోనే స్పష్టత ఎక్కువంటారు ఇంకొందరు. రెండూ దొరికితే వాదన దేనికి? ఇంట్లోనే పరీక్ష పెట్టొచ్చు.

కావలసినవి: ఒక హెడ్‌ఫోన్, పాట వినిపించే ఫోన్, వై కేబుల్, హెడ్‌ఫోన్ స్ప్లిటర్, మల్టీమీటర్, సాయానికి ఒకరు.

1. పాతదాన్ని పరీక్షించండి: వెనక రాసిన వోల్టేజి చదవండి. అమెరికా సెట్టు 120, జపాన్ సెట్టు 100 వోల్టులదై ఉండొచ్చు. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. ఏళ్లుగా మూలపడి ఉంటే మెకానిక్‌కు కెపాసిటర్లు చూపించాకే ఆన్ చేయండి.

2. కనెక్షన్ ఇవ్వండి: వై కేబుల్‌తో ఫోన్‌ను రెండింటికీ కలపండి. పాతదాంట్లో ఆక్స్‌కే ఇవ్వండి. ఫోనో ఇన్‌పుట్ రికార్డు ప్లేయర్ కోసం. అది బేస్ పెంచి ట్రెబుల్ తగ్గిస్తుంది. బేస్, ట్రెబుల్, బాలెన్స్ నాబ్‌లు మధ్యలో ఉంచి, లౌడ్‌నెస్ ఆపేయండి.

3. వాల్యూమ్ సమం చేయండి: కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది. అందుకే మీటరునే నమ్మండి. హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, చెవులకు మాత్రం పెట్టుకోకుండా, 400 హెర్ట్జ్ టోన్ వేసి స్ప్లిటర్ రెండో కొస దగ్గర ఏసీ వోల్టేజి కొలవండి. ఒకదాంట్లో 0.300 వస్తే రెండోది 0.297, 0.303 మధ్య ఉండాలి.

4. చూడకుండా వినండి: వెనక్కి తిరిగి కూర్చోండి. సాయానికొచ్చినవారు తమకు తోచినట్టు మారుస్తుంటే, పాటలో ఒకే ముక్క వింటూ ఏది మోగుతోందో 10 సార్లు చెప్పండి. కనీసం 9 సరిపోతే తేడా నిజమే. గుడ్డిగా చెబితే అన్ని తగిలే అవకాశం సుమారు 1 శాతం. 5, 6 దగ్గర ఆగితే మీకు తేడా తెలియడం లేదన్నమాట.

5. కారణం తెలుసుకోండి: పాత రిసీవర్లలో చాలావరకు స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌నే రెసిస్టర్ గుండా హెడ్‌ఫోన్‌కు పంపేవారు. అది 330 ఓమ్‌లనుకుందాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. బేస్ దగ్గర అదే దాదాపు 500కి పెరుగుతుంది. లెక్కేస్తే అక్కడ శబ్దం సుమారు 2 డెసిబెల్స్ ఎక్కువ. ఆ నిండుదనంలో పెద్ద వాటా దీనిదే. కొత్తవాటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ చాలావరకు ఒకటి రెండు ఓమ్‌లే కాబట్టి ఈ మార్పు రాదు.

ఆ బేస్ నచ్చితే పాతదాన్నే బాగుచేయించి వాడుకోండి. ఎక్కువ డ్రైవర్లున్న ఇయర్‌ఫోన్లకు మాత్రం కొత్తదే కొనండి. పాతదాంట్లో వాటి శబ్దం తీరే మారిపోతుంది.