పోలీసు శిక్షణ - పంచాయతీ సభ్యుల కర్తవ్యము

1861 నాటి పోలీసు చట్టము పరప్రభుత్వము ప్రజలను అదుపులో నుంచుటకు చేసినది. నాటి శిక్షణలో కవాతునకే ప్రాధాన్యము. ఠాణా గడప త్రొక్కుటకు గ్రామస్థుడు నేటికిని జంకుటకు ఇదియొక కారణము.

1971లో నియమితమైన గోరే సంఘము ప్రజలయెడ సరియైన వైఖరిని శిక్షణలోనే నేర్పవలెనని సూచించినది. కేరళలో 2008లో ఆరంభమైన జనమైత్రి పథకమున బీటు పోలీసులు ఇంటింటికి వెళ్లి పరిచయము చేసికొందురు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము నమోదైన ఫిర్యాదు ప్రతిని ఫిర్యాదుదారునకు ఉచితముగా నీయవలెను. సాక్ష్యమునకై స్త్రీలను, 60 ఏండ్లు దాటినవారిని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు.

సభ్యులారా! క్రొత్త కానిస్టేబులును గ్రామసభకు ఆహ్వానింపుడు. ఈ నియమములను అందరి యెదుట చదివింపుడు. శిక్షణశాలలో మొదలైన పాఠము గ్రామమునందే పూర్తియగును.