టీచర్లకు టెక్నాలజీ కోచ్: పరీక్షలో ఏం అడుగుతారు?

గూగుల్ సర్టిఫైడ్ కోచ్ గుర్తింపు కోరేవారు పాఠ్యక్రమం, నైపుణ్య పరీక్ష, పోర్ట్‌ఫోలియో అనే మూడు దశలు దాటాలి. చాలామంది యాప్‌ల పేర్లు బట్టీపడతారు. అసలు పరీక్ష తోటి టీచరు ఇబ్బందిని విని అర్థం చేసుకోవడంలో ఉంది.

రూబెన్ ప్యుయెంతెదురా రూపొందించిన సామర్ నమూనా తప్పక చదవండి. పాఠంలో టెక్నాలజీ వాడకానికి ఇందులో నాలుగు మెట్లు: ప్రత్యామ్నాయం, మెరుగుదల, సవరణ, పునర్నిర్వచనం. గోదావరి డెల్టా పటాన్ని గోడ మీద బదులు తెరపై చూపిస్తే అది మొదటి మెట్టే. పిల్లలే తమ ఊరి కాలువల ఫొటోలు, వివరాలు చేర్చి ఉమ్మడి డిజిటల్ పటం తయారుచేసి, వేరే జిల్లా బడి పిల్లలతో కలిసి దాన్ని పెంచితే నాలుగోది. అన్ని పాఠాలనూ పై మెట్టుకు ఎక్కించాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం.

టెక్నాలజీ, బోధన, విషయ జ్ఞానాలను కలిపి చూసే టీప్యాక్ చట్రమూ చదవండి: పున్యా మిశ్రా, సహరచయిత మాథ్యూ కోహ్లర్, 2006. దీనికి పునాది లీ షుల్మన్ 1986లో చెప్పిన బోధన-విషయ జ్ఞానం.

డీఎస్సీ అభ్యర్థులకూ పనికొచ్చేవి: పాఠశాల విద్యకు డిజిటల్ వేదిక అయిన దీక్షను 2017 సెప్టెంబర్ 5న నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ప్రారంభించారు. ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం నిష్ఠ 2019 ఆగస్టులో మొదలైంది.