పెళ్ళి ముందా, గ్రీన్‌కార్డు ముందా?

అబ్బాయి డాలస్‌లో ఇంజనీరు. అతని గ్రీన్‌కార్డు దరఖాస్తు చివరి మెట్టు మీద ఉంది. అమ్మాయి హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. సంబంధం ఖాయమైంది. ‘ఇంకో ఆరు నెలల్లో కార్డు వచ్చేస్తుందట, వచ్చాకే ముహూర్తం పెట్టుకుందాం, అప్పుడైతే పిల్లను వెంటబెట్టుకునే వెళ్ళొచ్చు’ అని రెండు వైపుల పెద్దలూ అనుకుంటారు. చాలా ఇళ్ళలో జరిగేది ఇదే. అమెరికా చట్టం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు దిక్కులో నడుస్తుంది. తేదీలు ఏ వరుసలో పడ్డాయన్న దాన్ని బట్టి ఆ అమ్మాయి కొన్ని నెలల్లో వెళుతుందో, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుందో తేలిపోతుంది.

ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చే వ్యక్తికి, కార్డు మంజూరయ్యే నాటికే పెళ్ళై ఉంటే, జీవిత భాగస్వామికి కూడా అదే దరఖాస్తు కింద, అదే ప్రయారిటీ డేటుతో, అంటే వరుసలో అదే చోటుతో, హక్కు వస్తుంది. మంజూరుకు ఒక్కరోజు ముందు పెళ్ళయినా సరే. భార్య అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద ఉంటే, తేదీ కరెంట్‌గా ఉన్నప్పుడు, అంటే వరుసలో వంతు వచ్చినప్పుడు, తన గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 తాను వేసుకోవచ్చు. ఇండియాలో ఉంటే భర్త ఐ-824 ఫారం వేస్తే కేసు ఇక్కడి అమెరికా కాన్సులేట్‌కు వస్తుంది. అదే పెళ్ళి కార్డు వచ్చిన మర్నాడు జరిగితే ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడిక కుటుంబ సభ్యుల కోసం వేసే ఐ-130 పిటిషన్‌తో మొదలుపెట్టి, గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలు, పిల్లల కోసం ఉన్న ఎఫ్2ఏ అనే కొత్త వరుసలో చివర నిలబడాలి. ఏటా ఇన్ని వీసాలే ఇవ్వాలన్న పరిమితి ఆ వరుసకు ఉంది కాబట్టి ఏళ్ళు పట్టవచ్చు. నెలనెలా వచ్చే వీసా బులెటిన్ చూసుకుంటూ కూర్చోవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. భర్త ఇక హెచ్-1బీలో లేడు కనుక భార్యకు హెచ్-4 రాదు. విజిటర్ వీసాకు వెళితే, వలస పిటిషన్ నడుస్తోంది కదా, తిరిగి వస్తావని నమ్మకమేమిటని అడుగుతారు. అక్కడే ఉండిపోయే ఉద్దేశాన్ని దాచి విజిటర్‌గా వెళ్ళడం మోసం కింద లెక్క. ఆ ముద్ర పడితే తరవాత వచ్చే వీసాకే ఎసరు.

అందుకే సంబంధం మాట్లాడేటప్పుడే కార్డు ఏ దశలో ఉందో సూటిగా అడగండి. అడగడం అనుమానించడం కాదు. అబ్బాయి కూడా తన వకీలును అడిగి చెప్పాలి.

ఇప్పటికే కార్డు వచ్చి, తరవాత పెళ్ళి చేసుకున్నవారు వెంటనే ఐ-130 వేయాలి. వరుసలో చోటు వేసిన రోజు నుంచే మొదలవుతుంది. మధ్యలో పౌరసత్వం వస్తే ఆ ధ్రువపత్రం పంపి కేసు మార్పించుకోవాలి. పౌరుల భార్యాభర్తలకు వీసాల సంఖ్య మీద పరిమితి లేదు, వరుసలో ఆగే పని లేదు. కాగితాలు కదలడానికి ఏడాది దాటడం మాత్రం మామూలే. ఇక్కడ ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఎఫ్2ఏలో తల్లి పిటిషన్ వెంట బిడ్డ కూడా వస్తుంది. కేసు పౌరుడి కేసుగా మారాక రాదు. బిడ్డకు విడిగా ఇంకో ఐ-130 వేయాలి. ఇది తెలియక తల్లికి వీసా వచ్చి, పసిబిడ్డ అమ్మమ్మ దగ్గర ఉండిపోతే ఆ ఇంటి బాధ చెప్పనలవి కాదు.

హెచ్-1బీలో ఉన్నవారు భార్యకు వలస వీసా ఇప్పించలేరు. హెచ్-4 మీద తీసుకెళ్ళగలరు, అంతే. దాని మీద ఉద్యోగం చేయాలంటే సాధారణంగా భర్త తరఫున యజమాని వేసే ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చి ఉండాలి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు కోటా పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, భార్య ఇండియాలో కాక వేరే దేశంలో పుట్టి ఉంటే, ఆమె పుట్టిన దేశం కోటాను భర్త కూడా వాడుకోవచ్చు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పుట్టిన తెలుగు ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. దశాబ్దాల వరుసను దాటించే ఈ వెసులుబాటును చాలామంది పట్టించుకోరు.

తేదీ కలిసిరావాలని ‘ముందు రిజిస్టర్ చేయించేద్దాం, పెళ్ళి తరవాత ఘనంగా చేద్దాం’ అనేవారు ఉంటారు. హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది అప్పటికే శాస్త్రోక్తంగా జరిగిన పెళ్ళిని. క్రతువు జరగకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో వివాహం అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పెళ్ళి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారం చెల్లుతుందా లేదా అనే అమెరికా చూస్తుంది. కాబట్టి గుడిలో చిన్నగానైనా నిజంగా పెళ్ళి చేసుకుని నమోదు చేయించుకోండి. లేదంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోండి. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది, ఆ నెలను ముందే లెక్కలో వేసుకోవాలి.

కాగితాల్లో మనవాళ్ళను ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పెళ్ళి సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరు. ఈ నాలుగూ ఒకే మనిషివని అధికారికి మనమే చూపాలి. పెళ్ళయ్యాక పేరు మార్చుకోవాలని చట్టం ఎక్కడా అడగదు. మార్చుకునే ఉద్దేశం ఉంటే పిటిషన్ వేయకముందే పాస్‌పోర్టులో మార్పించుకోండి, లేదంటే కేసు ముగిసేదాకా కదిలించకండి. పుట్టినప్పుడు నమోదు కాని వారు మునిసిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో రికార్డు లేదన్న నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, పదో తరగతి మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు జతచేయాలి. పోలీసు క్లియరెన్స్ పాస్‌పోర్టు ఆఫీసు ఇస్తుంది. చదువుకో ఉద్యోగానికో వేరే దేశంలో ఏడాదికి మించి ఉండివుంటే అక్కడి నుంచీ తెప్పించాలి.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో పరిచయం కొద్ది వారాలదే కావచ్చు. అది మన పద్ధతి అని అధికారులకు తెలుసు. వాళ్ళు చూసేది ఇద్దరూ కలిసి బతుకుతున్నారా అని. శుభలేఖ, రెండు కుటుంబాలూ కనిపించే ఫొటోలు, పెళ్ళి తరవాత చేసిన ప్రయాణాల టికెట్లు, ఫోన్ మాటల రికార్డు, ఇన్సూరెన్స్‌లోనో పీఎఫ్‌లోనో నామినీగా ఒకరి పేరు ఒకరు రాసిన కాగితం. వెయ్యి ఫొటోల కంటే ఆ నామినీ కాగితం బరువైనది.

ఖర్చు సంగతి. 2024 ఏప్రిల్ నుంచి ఐ-130 రుసుము ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద 675. ఆమోదం వచ్చాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అక్కడ వీసాకు 325, ఆర్థిక హామీకి 120. వీసా వచ్చాక కార్డు అచ్చుకు 235. వైద్య పరీక్ష వేరు. వేసే రోజున రుసుములు మళ్ళీ సరిచూసుకోండి.

ఆ ఆర్థిక హామీ ఐ-864 ఫారం. స్పాన్సర్ చేసేవారి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కల్లో, అలాస్కా, హవాయి తప్ప మిగతా చోట్ల, ఇద్దరున్న ఇంటికి ఏడాదికి సుమారు 26,437 డాలర్లు. చాలకపోతే అక్కడే నివసించే పౌరులో గ్రీన్‌కార్డుదారో జాయింట్ స్పాన్సర్‌గా సంతకం చేయవచ్చు. అన్నయ్య కదా అని అడిగేస్తాం, ఆయనా చేసేస్తాడు. ఆ సంతకం ఎంత దూరం వెంటాడుతుందో మాత్రం ముందే చెప్పాలి. వచ్చిన వ్యక్తి పౌరురాలయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల పని ఆమె ఖాతాలో చేరేదాకా అది చెల్లుతుంది. దంపతులు విడాకులు తీసుకున్నా రద్దు కాదు. పౌరసత్వం తీసుకుని హైదరాబాద్‌కు తిరిగొచ్చి ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. స్పాన్సర్ నివాసం అమెరికాలో ఉండాలి. లేకపోతే అక్కడ మళ్ళీ కాపురం పెడుతున్నామని ఇల్లు, ఉద్యోగం, బ్యాంకు ఖాతా లాంటి ఆధారాలు చూపాలి.

వలస వీసా ఇంటర్వ్యూ ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో. హైదరాబాద్‌లోని నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఈ పని జరగదు.

ఇక్కడ ఉద్యోగం చేస్తున్నవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే. ఐ-130 ఆమోదం వచ్చిందని రాజీనామా ఇవ్వకండి. అది సగం దారి కూడా కాదు. వీసా ముద్రపడిన పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా జీతం వదులుకోవద్దు. నోటీసు పీరియడ్ మూడు నెలలైతే భయం వేస్తుంది, నిజమే. కానీ వీసా గడువు సాధారణంగా వైద్య పరీక్ష జరిగిన రోజు నుంచి ఆరు నెలల దాకా ఉంటుంది. నోటీసు ఇచ్చి, పని అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. వెళ్ళేలోపు ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్లలో తీసుకోండి. అక్కడి నుంచి ఉస్మానియాకో జేఎన్‌టీయూకో చుట్టాలను తిప్పడం కంటే ఇక్కడుండగా మీరే వెళ్ళడం మేలు. నర్సులు, ఫార్మసిస్టులు, టీచర్లు తాము వెళ్ళే రాష్ట్రంలో లైసెన్సుకు ఏం కావాలో వీసా కోసం ఆగే నెలల్లోనే తెలుసుకుని పరీక్షలకు చదువుకోవాలి. వలస వీసా మీద దిగినవారు మొదటి రోజు నుంచే ఎవరి దగ్గరైనా ఉద్యోగం చేయవచ్చు. కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగనక్కరలేదు, పాస్‌పోర్టులో పడిన ప్రవేశ ముద్ర ఏడాదిపాటు కార్డుగానే చెల్లుతుంది.

దిగే తేదీ కూడా చూసుకోవాలి. ఐ-130 దారిలో వెళ్ళేవారికి ఆ రోజుకు పెళ్ళై రెండేళ్ళు నిండకపోతే వచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు. నిండితే పదేళ్ళది. రెండో పెళ్ళిరోజుకు వారమే ఉంటే, వీసా గడువు అనుమతిస్తే, ప్రయాణం ఆ తరవాతకు జరుపుకోండి. షరతుల కార్డు వచ్చినవారు గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. ఈ ఉమ్మడి సంతకాన్నే కొందరు బెదిరింపుగా వాడతారు. ‘నేను సంతకం పెట్టకపోతే నిన్ను వెనక్కి పంపేస్తారు’ అనే మాట విన్న ఆడపిల్లలు ఉన్నారు. అది నిజం కాదు. విడాకులైనా, హింస జరిగినా, ఒక్కరే ఐ-751 వేసుకునే వీలు చట్టంలో ఉంది. కార్డే రాకముందు హింస మొదలైతే, భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయినప్పుడు, ఐ-360 ఫారంతో సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు. మగవారికీ ఇది వర్తిస్తుంది. పాస్‌పోర్టు, కార్డు, పెళ్ళి సర్టిఫికెట్ ఎవరివి వారి దగ్గరే ఉంచుకోవాలి, వాటి నకళ్ళు పుట్టింట్లో ఒక జత ఉండాలి. ఆ ఐ-360 అర్జీకి భర్త సంతకం అక్కరలేదు, అది వేసినట్టు ఇమ్మిగ్రేషన్ అధికారులు ఆయనకు చెప్పకూడదు.