పదవి లేని పెద్దరికం

1920, 30లలో తెలుగు పల్లెల్లో మిషనరీలే ఆశ్చర్యపోయిన సంగతి ఒకటి జరిగింది. అప్పటిదాకా క్రైస్తవ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగలు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేనివారు. వాళ్లు నమ్ముకున్న దేవుణ్ణి ఊళ్లోని రైతు కుటుంబాలు కూడా నమ్ముకుంటాయని ఎవరూ లెక్క వేయలేదు. కానీ కృష్ణా, గోదావరి ప్రాంతాల్లోనూ, నిజాం ఇలాకాలోని డోర్నకల్ వైపునా ఆ కుటుంబాలు వేల సంఖ్యలో బాప్తిస్మానికి వచ్చాయి. ఏం చూసి వచ్చారని అడిగితే చాలామంది ప్రసంగాల ఊసే ఎత్తలేదు. తమ పొలాల్లో పనిచేసేవాళ్ల గురించి చెప్పారు. తాగుడు మానేశారు, దొంగతనం మానేశారు, శుభ్రంగా ఉంటున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు అన్నారు. ఆ మాటల్లో ఆసామి అహంకారం కొంత లేకపోలేదు. ఆకలితో నాలుగు గింజలు తీసుకున్నా ఆయన లెక్కలో అది దొంగతనమే. అయినా తన కింద పనిచేసే మనిషిని చూసి తాను మారానని ఆసామి నోటితో ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. డోర్నకల్ బిషప్ అజరయ్య, మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ కలిసి 1930లో ప్రచురించిన పుస్తకంలోనూ, 1933లో వచ్చిన వాస్కం పికెట్ అధ్యయనంలోనూ ఈ సంగతి కనిపిస్తుంది.

నాయకత్వం మీద మన పుస్తకాల షాపుల్లో ఒక అరకు అర నిండి ఉంటుంది. వాటన్నిటిలోనూ మాదిరి చూపేవాడు పైమెట్టు మీద ఉంటాడు, చూసి నేర్చుకునేవాడు కిందిమెట్టు మీద ఉంటాడు. మేనేజరు, పాస్టరు, తండ్రి, టీచరు. ఈ పల్లెల్లో ఆ నిచ్చెన తలకిందులైంది. కూలికి వెళ్లినవాడు ఆసామిని నడిపించాడు. నడిపిస్తున్నానని అతనికి తెలియను కూడా తెలియదు.

అతను ఏం చేశాడో మళ్లీ చూడండి. చాలావరకు మానుకున్నాడు. క్రైస్తవ జీవితంలో మాదిరి గురించి ఎంత ఆలోచించినా నాకు ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మనం చేసే మంచి పనుల కంటే, మనకు రావాల్సినది మనం ఏది వదులుకున్నామో దాన్నే లోకం జాగ్రత్తగా చూస్తుంది. కారణం కూడా తేలికే. మంచి పని చేసినవాడికి అందులో లాభమేదో ఉందని అనుమానించవచ్చు. వదులుకున్నవాడి మీద ఆ అనుమానం నిలవదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుని బతికాడు. సువార్త ప్రకటించేవాడికి సంఘం తిండి పెట్టడం న్యాయమేనని ఆయనే వాదించాడు, ఆ న్యాయాన్ని తన దగ్గరికి వచ్చేసరికి పక్కన పెట్టాడు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో అలా పెట్టడానికి కారణం సూటిగా చెప్పాడు: మీకు మాదిరిగా ఉండాలని.

మన నేల మీద దీనికి గట్టి ఉదాహరణ ఒంగోలు ప్రాంతంలో ఉంది. యర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకు ముందే యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి, దేవుడి కోసం వెతుకుతున్నవాడు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట క్రీస్తు సంగతి విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత తనవాళ్లకు తనే చెప్పుకుంటూ తిరిగాడు. ఆయనకు జీతం లేదు, బిరుదు లేదు. ఒంగోలు మిషన్‌కు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1867 జనవరిలో ఆయన ఊరి వైపు వెళ్లేసరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తిండి మూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. దొర వినిపించాల్సిన దానిలో సగం వాళ్లకు అప్పటికే తెలుసు. ఆ కొద్ది రోజుల్లోనే 28 మందికి బాప్తిస్మమిచ్చారు.

అలా చేరినవాళ్లు మూడు మానుకున్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినడం, ఊరి జాతరల్లో డప్పు కొట్టడం, ఆదివారం పని చేయడం. వినడానికి చిన్నవే. కానీ ఆ డప్పు, ఆ గొడ్డు, ఆ వెట్టి మీదే ఊరి ఏర్పాటు నడిచేది. ఊరి పెద్దలకు కోపం వచ్చింది. కుమ్మరి కుండ అమ్మకూడదన్నారు, బట్టలుతికేవారు వాళ్ల బట్టలు ముట్టకూడదన్నారు, వాళ్ల గొడ్లను మేత బీటి నుంచి తోలేశారు. చెప్పులు కుట్టే పని ఇవ్వలేదు. కల్లం దగ్గర రావాల్సిన మేర ఆపేశారు. అయినా చాలామంది వెనక్కి పోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అపార్థానికి తావుంటుంది. వదులుకోవడమంటే తల వంచుకుని పడి ఉండటం అని పేదవాడికి బోధించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, చర్చిలోనూ ఉంటారు. పేరయ్య మనుషులు వదులుకున్నది వాళ్లను కిందే ఉంచిన అలవాట్లను. అంటే వాళ్ల మానుకోవడంలో తల ఎత్తడం కూడా ఉంది. ఎదుటివాడు మన మీద పెట్టిన బరువును మోస్తూ దానికి సాత్వికమని పేరు పెట్టుకుంటే అది మాదిరి కాదు.

ఇక పదవిలో ఉన్నవాళ్ల సంగతి. 1876-78 కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టినంత పని చేసింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు. అమెరికాలో కుర్రతనంలో సర్వే పనిలో ఉన్నందువల్ల కొలతలు, మట్టి పని ఆయనకు తెలుసు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు, మధ్యాహ్నం నీడన కూర్చుని జనంతో మాట్లాడారు. బాప్తిస్మమివ్వమని ఎంతోమంది అడిగారు. సంఖ్యలు చూసి సంతోషించే మిషన్ బోర్డులు అమెరికాలో ఉన్నాయి. ఆయన మాత్రం ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం చేరారన్న మాట ఆ జనం మీద పడకూడదనుకున్నాడు. సాయం పని ముగిశాక, ఇవ్వడానికి నా దగ్గర ఇక డబ్బు లేదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు.

సంఘంలో మనం ఆ సంఖ్యను ఏటా చెప్పుకుంటాం, పుస్తకాల మీద అచ్చు వేసుకుంటాం. ఆ సంఖ్యకు ముందున్న సున్నాల సంగతి తక్కువమంది చెబుతారు. నాకైతే క్లౌ వ్యక్తిత్వం అక్కడే కనిపిస్తుంది. చేతికి అందివచ్చిన విజయాన్ని, అదీ పుణ్యకార్యమనిపించుకునే విజయాన్ని, నెలల తరబడి వద్దనుకోగలగడం అందరికీ చేతకాదు.

అజరయ్య ఈ విషయంలో మరో మెట్టు ఎక్కాడు. తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విళైలో 1874లో పుట్టిన తమిళుడు. తండ్రి పాదిరీ. 1898లో అన్బును పెళ్లాడినప్పుడు కట్నం తీసుకోలేదు. వై.ఎం.సి.ఏ.లో మంచి ఉద్యోగం, దేశమంతా తిరిగే పని. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు. భారతీయులే భారతీయుల దగ్గరికి మిషనరీలుగా వెళ్లాలని ఊరూరా చెప్పాడు. చెప్పి చెప్పి, మరి నేనెందుకు వెళ్లడం లేదన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. 1909లో ఆ ఉద్యోగం వదిలి, తెలియని తెలుగు నేర్చుకుంటూ, అడవి పక్కన ఉన్న డోర్నకల్‌లో డేరా వేసుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే.

మధ్యలో 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. అక్కడ ఆయన మాట్లాడింది చాలామంది దొరలకు నచ్చలేదు. మీరు ధనం ఇచ్చారు, ప్రాణాలు ధారపోశారు, దానికి కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది ఆయన మాటల సారం. ఆలోచిస్తే ఇది చాలా పదునైన పరిశీలన. ఇల్లు, దేశం, ఆరోగ్యం వదులుకుని వచ్చిన మిషనరీ కూడా ఒకటి అట్టే పెట్టుకున్నాడు: తన కుర్చీ ఎత్తు. దేశీయ పాస్టరును తనతో సమానంగా భోజనానికి కూర్చోబెట్టలేకపోయాడు. పెద్ద త్యాగాలు చేసినవాళ్లే ఒక చిన్నదాని దగ్గర ఇరుక్కుపోతారు. దాన్ని చూసేది ఎదుటివాళ్లే, తమకు కనపడదు. శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి యేసు పైవస్త్రం తీసి పక్కన పెట్టి తువాలు కట్టుకున్నాడని యోహాను రాశాడు. పేతురుకు మింగుడు పడనిది కూడా గురువు అంత కిందికి దిగడమే.

డోర్నకల్‌లో బోధకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వాళ్ల భార్యలకూ చదువు చెప్పే ఏర్పాటు ఉండేది. పల్లెలో సంఘం చూసేది ఒక్క అయ్యగారినే కాదు, అమ్మగారు ఇల్లు ఎలా నడుపుతున్నారో, అప్పు ఎవరి దగ్గర చేస్తున్నారో కూడా చూస్తుందని అక్కడివాళ్లకు తెలుసు. ఇందులో ఒక చిక్కు ఉంది. అయ్యగారు త్యాగం చేస్తే కంచంలో తగ్గేది తరచు అమ్మగారికీ పిల్లలకూ. వాళ్లను అడగకుండా చేసిన త్యాగానికి వాళ్ల చేత కూడా చప్పట్లు కొట్టించుకోవాలనుకోవడం అన్యాయం. పాస్టర్ల పిల్లలు చర్చికి దూరమైన ఇళ్లను చూస్తే ఈ మాటకు ఇంకా వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు మన సంగతి. పెళ్లి కుదిరితే మూడు ఆదివారాలు సంఘంలో ప్రకటన చదువుతారు. అభ్యంతరం ఉన్నవారు చెప్పండి అంటారు. కట్నం ఎంతో బల్లల మీద కూర్చున్న అందరికీ తెలుసు, ఎవరూ లేవరు. ఆ తర్వాతి ఆదివారం ఆ వరుడి తండ్రే లేఖన పాఠం చదువుతాడు. కట్నం తప్పని యవ్వనస్థుల కూడికలో ఎన్ని ప్రసంగాలు చేసినా, ఆ కుర్రాళ్లు నేర్చుకునేది లేఖన పాఠం చదివిన ఆ పెద్దాయన దగ్గరే. అదే ఒక్క సంఘపెద్ద, కొడుకు ఉద్యోగం చూసి ఆడపిల్లవాళ్లు ఇస్తామన్నది వద్దంటే, ఆ సంగతి ఆయన చెప్పకపోయినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆ ఏడాది మరో రెండు ఇళ్లలో బేరం మాట్లాడటానికి కాస్త సిగ్గుపడతారు. సగం పని ఆ సిగ్గే చేస్తుంది.

కులం విషయం ఇంకా కష్టం. ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుని, సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతాం. ఇక్కడ వదులుకోవాల్సింది డబ్బు కాదు, ఎవరి మీదో మనం ఉన్నామన్న ధీమా. ఎడిన్‌బరోలో అజరయ్య దొరల ముందు పెట్టిన ప్రశ్న ఇప్పుడు మన ముందే ఉంది.

సంఘ కమిటీ ఎన్నికలు, ఆస్తుల కేసుల గురించి పొడిగించను. పాఠకులకు తెలియనిది లేదు. గెలిచే అవకాశం ఉండీ ఒక విడత పక్కకు తప్పుకున్న పెద్దను మీరెప్పుడైనా చూసి ఉంటే, ఆయన మాటకు పదవిలో ఉన్నవాళ్ల మాట కంటే ఎంత బరువు ఉంటుందో గమనించి ఉంటారు.

వదులుకోవడంలోనూ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. అది కూడా ప్రదర్శనైపోవచ్చు. కొండమీది ప్రసంగంలో కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదన్న హెచ్చరిక అందుకే. మన చర్చిల్లో బల్లల వెనక, గడియారం కింద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు తిరుగుతూ ఉంటాయి. ఏదైనా ఒక సంఘం ఈ వేసవికి పేర్లు రాయకుండా ఫ్యాన్లు కొందామని తీర్మానం చేస్తే, ఎన్ని ఫ్యాన్లు వస్తాయో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.