నీరున్నపుడే గుర్తులు పెట్టుట

చెఱువులో నీరు తగ్గిన పిమ్మట పంపకమును గూర్చి తగవులాడుట మన యలవాటు. ముందుగానే లెక్క కట్టిన యొక నగరపు సంగతి నిట తెలుపుచున్నాము.

దక్షిణాఫ్రికాలోని కేపుటౌనునకు 2015 మొదలు 2017 వఱకు మూడేండ్లు వానలు తక్కువయ్యెను. జలాశయములన్నిటిలో గలసి నీరు నూటికి 13.5 పాళ్లకు దిగిన దినమున ఇంటి కొళాయిలు కట్టివేసి, తలకు 25 లీటర్ల వంతున పంచెదమని పురపాలకులు ముందే చాటిరి. 2018 ఫిబ్రవరి 1వ తేదీనుండి తలకు దినమునకు 50 లీటర్లే వాడవలెననిరి. మన పెద్ద బిందెతో మూడు, నాలుగు బిందెలు. స్నానము, వంట, బట్టలు సర్వమునందులోనే!

సేద్యపు నీటికి నూటికి 60 పాళ్ల కోత పడెను. కూలీలనేకులు పనులు కోల్పోయిరి. ఇట్టి కాలమున ఎల్గిన్ లోయలోని ఆపిలుతోటల రైతులు, నీటి సంఘముగా నేర్పడియున్నవారు, తమ సొంత జలాశయములనుండి సుమారు 1,000 కోట్ల లీటర్లు నగరమునకు విడిచిరి. తనకెంత కావలయునో లెక్క తెలియనివాడు అట్లీయజాలడు గదా. ఆ యేటి జూను వానలతో గండము గడచెను. కొళాయిలు కట్టు దినము రానేలేదు.

మే మెఱిగిన చెఱువులయందు ఎగువ మడివాడు తడుపుకొనును, చివర మడి యెండును. చెఱువు నిండియున్నపుడే సభ్యులు కూడి తూమువద్ద రాతిపై రెండు గుర్తులు చెక్కింపవలెను. మొదటి గుర్తునకు దిగినచో క్రొత్తగా వరి నాటక ఆరుతడి పైరులకు వంతులవారీగా వదలుట. రెండవదానికి దిగినచో తూము మూసి, మిగిలినది పశువులకును ఊరికిని ఉంచుట. తీర్మానమును సంఘపు పుస్తకమున నెక్కించి, నీరుగంటిచే వారమువారము మట్టము చూపించి, కచ్చేరి పలకపై వ్రాయింపవలెను.