పక్షుల పుట్టిల్లు - నేలపట్టు

పాఠ్యభాగ ఉద్దేశం:
ప్రకృతి పరిరక్షణ ప్రభుత్వ శాసనాలతో మాత్రమే సాధ్యమయ్యేది కాదు. ప్రజల అనుభవంలో, ఆచారంలో అది పాదుకొన్నప్పుడే చిరకాలం నిలుస్తుంది. నెల్లూరు తీరసీమలోని ఒక చిన్న పల్లె ఆధారంగా ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం:
ఆడబిడ్డ తొలికాన్పుకు పుట్టింటికి రావడం తెలుగునాట ఆచారం. కన్నవారు ఆమెను కంటికి రెప్పలా కాపాడి, తల్లీబిడ్డలను క్షేమంగా సాగనంపుతారు. ఏటా ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువులు నిండే వేళ, నెల్లూరు తీరసీమలోని ఒక చిన్న పల్లెకు ఇటువంటి ఆడపడుచులే గుంపులు గుంపులుగా తరలివస్తారు. వారు మనుషులు కారు, గూడబాతులు. ఆ పల్లె పేరు నేలపట్టు.

నేలపట్టు దొరవారిసత్రం మండలంలో, జాతీయ రహదారికి చేరువలో ఉంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. దీనికి కొద్ది దూరంలోనే పులికాట్ సరస్సు విస్తరించి ఉంది. మనదేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలకా తరువాత అంత పెద్దది ఇదే. దీనికే ప్రళయకావేరి అని పేరు. ఆ తీరంలోని తెలుగువారి బతుకును స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’గా రచించి ఈ పేరును సాహిత్యలోకానికి పరిచయం చేశారు. పులికాట్‌లో చేపలు సమృద్ధిగా ఉన్నా, గూడు కట్టుకోవడానికి గూడబాతులకు అనువైన చోటు నేలపట్టు. అందుచేత ప్రళయకావేరి ఆ పక్షులకు అన్నశాల, నేలపట్టు పురిటిగది.

గూడబాతు అనే పేరు మన రైతుల పరిశీలనాశక్తికి నిదర్శనం. పూర్వం చెరువులలో, గుంటలలో ఉన్న నీటిని మెరక పొలాలకు ఎత్తిపోయడానికి వాడిన బుట్టను ‘గూడ’ అనేవారు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే తోలుసంచి ఆ గూడను తలపిస్తుంది. పక్షి దానితో నీటిని, చేపలను కలిపి తోడి, నీటిని వదలి చేపలను మింగుతుంది. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగుల వెడల్పు ఉండే ఈ మహావిహంగానికి, తన పొలంలోని పనిముట్టు పేరునే పెట్టుకొన్నాడు తెలుగు రైతు.

నేలపట్టు చెరువులో కడప చెట్లు ఉన్నాయి. మొదళ్ళు నెలల తరబడి నీటిలో మునిగి ఉన్నా ఈ చెట్లు చావవు. చుట్టూ నీరు కోటకు అగడ్త వలె నిలిచి ఉండడంవల్ల నక్కలు, పిల్లులు గూళ్ళను చేరలేవు. గుడ్డు పెట్టినది మొదలు పిల్ల ఎగిరిపోయే వరకు నాలుగైదు నెలలు పడుతుంది. అంతకాలం చెరువులో నీరు నిలవాలి. ఒడ్డున అలజడి ఉండరాదు. వీటిలో మొదటిది ప్రకృతి చేతిలో ఉంది. రెండవది గ్రామస్థుల చేతిలో ఉంది.

ఆ రెండవదానిని నేలపట్టు రైతులు తరతరాలుగా నిలబెట్టుకొంటూ వచ్చారు. దీనికి కారణం భూతదయ ఒక్కటే కాదు. చెట్ల మీది పక్షుల రెట్ట చెరువు నీటిలో కలుస్తుంది. అందులోని నత్రజని, భాస్వరం తూముల గుండా పొలాలకు చేరి పైరుకు బలమిస్తాయి. పులికాట్‌లోని చేపలో దాగిన సారం పక్షి పొట్టలో ప్రయాణించి వరిమడికి ఎరువవుతుంది. పక్షికి నీడనిచ్చిన రైతుకు పక్షి చేసే ప్రత్యుపకారం ఇది. దీనిని గ్రహించినందువల్లనే రైతులు వేటగాళ్ళను చెరువు దరికి రానీయలేదు.

ఈ జ్ఞానం ఒక్క ఊరికే పరిమితం కాదు. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు 18వ శతాబ్దం చివరి దశకంలోనే తమ చెరువులోని పక్షులను కాల్చరాదని కోరి, చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేస్ నుండి కౌలు పొందారు. శివగంగ జిల్లా కొల్లుకుడిపట్టి ప్రజలు పక్షులు బెదరకూడదని దీపావళికి టపాసులు కాల్చరు.

మరొక ఉదంతం మనకు హెచ్చరిక వంటిది. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల ఆవాసాన్ని కె.కె. నీలకంఠన్ గుర్తించారు. ఆయన ఆంగ్ల సాహిత్య అధ్యాపకుడు. ‘ఇందుచూడన్’ అనే కలం పేరుతో మలయాళంలో పక్షుల గురించి రచనలు చేసిన పండితుడు. ఆయన వెలుగులోకి తెచ్చిన ఆ ఆవాసం కొన్ని దశాబ్దాలలోనే పక్షులు లేక బోసిపోయింది. నేడు కొల్లేటి తీరాన ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకోవడానికి కృత్రిమంగా మంచెలు నిలపవలసి వచ్చింది. చెట్టు చేయవలసిన పనిని మంచె చేస్తున్నదన్నమాట.

నేలపట్టును 1976లో పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. నేడు వేటను నిషేధించే చట్టం ఉంది, కావలివారున్నారు. అయితే కొత్త చిక్కులూ ఉన్నాయి. వానలు తప్పితే చెరువు నిండదు. నిండినా, ఒకవైపు పైరుకు తూము తెరవాలి. మరొకవైపు పక్షిపిల్లల కోసం నీరు నిలపాలి. పులికాట్ సముద్ర ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే చేపలు తగ్గి పక్షులకు తిండి కరవవుతుంది. బస్తా ఎరువు బజారులో దొరికే ఈ కాలంలో రెట్ట నీటి విలువ ఎందరు యువకులకు తెలుసు? లాభం కనిపించినప్పుడు పక్షిని కాపాడడం సులభమే. ఆ లాభం కంటికి కనిపించనప్పుడు కూడా కాపాడగలమా? నేటి తరం ముందున్న ప్రశ్న ఇదే.

భారతంలో శిబి చక్రవర్తి పావురాన్ని కాపాడడానికి తన శరీర మాంసాన్నే కోసి ఇచ్చాడు. నేలపట్టు పక్షులు మన నుండి అంతటి త్యాగాన్ని కోరడం లేదు. ఒక చెరువును, కొన్ని చెట్లను, నాలుగైదు నెలల నిశ్శబ్దాన్ని మాత్రమే కోరుతున్నాయి. పుట్టింటి తలుపులు మూసి ఉంటే ఆడపడుచు గడపలోనే వెనుదిరుగుతుంది. ఆ తలుపులు తెరచి ఉంచడం నేలపట్టు రైతుల నుండి మనం నేర్వవలసిన పాఠం.

కఠిన పదాలు - అర్థాలు:
అగడ్త = కోట చుట్టూ ఉండే కందకం
విహంగం = పక్షి
మెరక = ఎత్తైన నేల
భూతదయ = ప్రాణుల పట్ల కరుణ
కౌలు = అధికారి ఇచ్చే హామీ పత్రం

సంధి:
ప్రత్యుపకారం = ప్రతి + ఉపకారం - యణాదేశ సంధి

వ్యాసరూప సమాధాన ప్రశ్న:
1. నేలపట్టు రైతులకు, గూడబాతులకు గల పరస్పర సంబంధాన్ని వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు:
1. గూడబాతు అనే పేరు ఎలా ఏర్పడింది?
2. ఆరేడు ఉదంతం మనకు చేసే హెచ్చరిక ఏమిటి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు:
1. పులికాట్ సరస్సుకు గల మరొక పేరు ఏమిటి?
2. నేలపట్టు పక్షులు ఏ చెట్లపై గూళ్ళు కట్టుకొంటాయి?

భాషాభ్యాసం:
మీ ఊరి చెరువుకు ఏయే పక్షులు, ఏ మాసాలలో వస్తాయో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుట వ్యాసం రాయండి.